మాప్పిళ్ళకు దారి

గువ్వలపట్టి, గుడియాత్తం తాలూకా
14 ఫిబ్రవరి 2025

గుడియాత్తం రోడ్డును తన పేరిట పట్టా చేయించుకున్న చిరంజీవి సుమితకు,

ఆ రోడ్డు పక్కన ముళ్ళకంచెలో కాసేపు విశ్రాంతి తీసుకున్న నీ మేనమామ వెంకటాద్రి దీవించి రాసేది. ఇక్కడ అందరమూ క్షేమం. నా ఎడమ భుజం దగ్గరి ఎముక కూడా క్షేమమే, కాకపోతే రెండు ముక్కలుగా.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని మీ అమ్మ అడిగితే ఉన్నది చెప్పు. సోమవారం నువ్వూ నేనూ ఫోన్లో అరగంట అరుచుకున్నాం. మీ అవ్వ స్పీకర్లో అంతా వింది. విని, "ఇంగ మీరిద్దురూ ఒకరితో ఒకరు మాట్లాడితే నా మీద ఒట్టు" అని నా పనికొచ్చే చేతిని లాగి తన నెత్తిన పెట్టుకుంది. నీ చేత ఫోన్లోనే ఒట్టు వేయించింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, పూటకొక బీపీ మాత్ర. ఒట్టు తప్పే ధైర్యం నాకు లేదు, నీకూ లేదు. ఉత్తరం రాసుకోవచ్చా అని అడిగాను. "రాసుకోపో, అది నాకు వినపడదు కదా" అనింది.

మన ఇళ్ళల్లో తెలుగు మాట్లాడని వాళ్ళు లేరు, చదవగలిగిన వాళ్ళం మాత్రం మనిద్దరమే. తక్కిన వాళ్ళందరిదీ అరవబడి. నీ ఏడో ఏట వేసవి సెలవుల్లో పలక పట్టించి అక్షరాలు దిద్దించింది నేనే. నన్ను తిట్టడానికి పనికొస్తాయని అప్పుడు తోచలేదు. రోజూ వేలూరు మార్కెట్టుకు మన కొబ్బరికాయలు తోలే మారి చేతికి ఈ కవరు ఇస్తున్నాను. వాడికీ చదవడం రాదు, కాబట్టి నువ్వు ధైర్యంగా జవాబు రాయవచ్చు.

ఇక సంగతి. ఆదివారం పొద్దున తోపు నుంచి మాప్పిళ్ళ మీద ఇంటికి వస్తున్నాను. ఆ గుర్రం ఎలాంటిదో నీకు తెలుసు. పన్నెండేళ్ళు వేలూరులో పెళ్ళి ఊరేగింపులకు పోయింది. ఎంతమంది పెళ్ళికొడుకులను మోసిందో గానీ చివరికి దాని పేరే మాప్పిళ్ళ, అంటే అరవంలో పెళ్ళికొడుకు, అయిపోయింది. టపాకాయలకూ, బ్యాండుకూ, తాగి చిందులు తొక్కే బంధువులకూ కాలు కదపని జీవం. అలాంటిది నువ్వు వెనక నుంచి ఒక్క హారన్ కొట్టేసరికి నిలువునా లేచింది. నేను రోడ్డు పక్క ఇంటి చెల్లమ్మ కంచెలో పడ్డాను. నువ్వు తిరిగి చూడకుండా పోయావు. గుర్రం నీకంటే నయం, వెనక్కి వచ్చింది. వచ్చింది నా కోసమని అనుకున్నాను గానీ, రోడ్డు మీద చెల్లమ్మ ఆరబోసిన ఉలవల కోసమట.

ఇట్లు,
కట్టుతో ఉన్న నీ మామ

వేలూరు
17 ఫిబ్రవరి 2025

అశ్వారూఢులైన వెంకటాద్రి మామగారి దివ్యసముఖానికి,

తమ ఉత్తరం కొబ్బరి పీచుతో సహా అందింది. తమ ఎముకకు నా సానుభూతి. గుర్రానికి కూడా తెలియజేయగలరు.

నేను తిరిగి చూడలేదన్నారు. చూశాను. అద్దంలో గుర్రం ఉలవలు మేస్తూ కనపడింది, దాని మీద తమరు లేరు. చెల్లమ్మతో ఊసులాడడానికి దిగారేమో అనుకున్నాను. చెల్లమ్మ కనపడితే తమరు దిగని రోజు ఏదైనా ఉందా? కంచెలో ఉన్నారని మర్నాడు అమ్మ చెబితేనే తెలిసింది. తెలిసిన నిమిషంలోనే ఫోను చేశాను. "ఎట్లుండావు మామా" అని అడిగేలోపే "హంతకురాలా" అన్నారు. ఆ తరువాత నేను మర్యాదగా మాట్లాడి ఉండాల్సిందే, ఒప్పుకుంటాను.

ఇక రోడ్డు. దాని వెడల్పు పన్నెండడుగులు. అందులో సగం చెల్లమ్మ ఉలవలకు, మిగిలిన సగానికి నడిమధ్యన మాప్పిళ్ళగారు. మరి నేను ఎక్కడ పోవాలి, కరెంటు తీగల మీదనా? నేనేమీ షికారుకు రావడం లేదు. కే.వి.కుప్పంలో పక్షవాతం వచ్చిన నలుగురు పెద్దవాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడించడానికి క్లినిక్కు వాళ్ళు నన్ను వారానికోసారి పంపుతారు. ఏడాదిగా అదే దారిలో తమరినీ గుర్రాన్నీ దాటుకుంటూ పోతూనే ఉన్నాను. ఏనాడూ అది చెవి కూడా విదల్చలేదు. ఆ ఒక్క ఆదివారమే దానికి నాజూకు ఎక్కడి నుంచి వచ్చిందో తమరే చెప్పాలి.

బుల్లెట్టు బండి ఆడపిల్లకు ఎందుకని ఉత్తరంలో కూడా రాయకండి. పోయిన నెల పెళ్ళి భోజనాల పంతిలో ఆ ఉపన్యాసం ఒకసారి విన్నాను, చాలు.

వెనక పేజీలో బొమ్మలు వేశాను. కట్టు విప్పకుండా వేళ్ళూ మోచేయీ రోజుకు మూడుసార్లు ఆడించాలి. ఇది మేనకోడలిగా చెప్పడం లేదు, వృత్తి ధర్మంగా చెబుతున్నాను.

ఇట్లు,
హంతకురాలు

గువ్వలపట్టి
21 ఫిబ్రవరి 2025

డాక్టరమ్మగారికి,

నీ బొమ్మలు చూశాను. ఈగలు తోలుకునే మనిషిలా ఉంది. అయినా ఆడిస్తున్నాను. మీ అవ్వ ఎదురుగా కూర్చుని లెక్కపెడుతోంది, పది దాటినా ఆపనివ్వదు. మీ అత్త కుప్పమ్మ మేక కాళ్ళతో సూపు అని రోజుకు రెండు లోటాలు పోస్తోంది. ఎముక అతుక్కుంటుందో లేదో గానీ నాలుక మాత్రం ఊడేటట్టుంది. ఉత్తరంలో ఏముందని అడిగింది. "మామ దెబ్బ తలుచుకోని పిల్ల ఒకటే ఏడుస్తా ఉండాది" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. నీ పరువు అలా కాపాడుతున్నాను.

రోడ్డు మీద ఎక్కడ పోవాలని అడిగావు. అడిగావు కాబట్టి చెబుతాను. గుర్రం తోక కనపడిన చోటే ఇంజను ఆపెయ్యాలి. హారన్ మీద వేలు పెట్టకూడదు. లైటు వేయకూడదు. బండి దిగి, చెప్పుల చప్పుడు కూడా కాకుండా తోసుకుంటూ రావాలి. దగ్గడం, తుమ్మడం ఇంటి దగ్గరే ముగించుకుని రావాలి. ఈ మాత్రం చేస్తే మా ఇద్దరికీ నీ మీద ఏ ఫిర్యాదూ ఉండదు.

ఇంతకీ ఏడాదిగా బెదరని గుర్రం ఆ రోజే ఎందుకు బెదిరిందని నన్ను అడిగావే, నేనూ అదే నిన్ను అడుగుతున్నాను.

ఇట్లు,
సూపు తాగుతూ
మామ

వేలూరు
9 మార్చి 2025

తమరికి,

తమ ఆజ్ఞ నిన్న శనివారం అక్షరాలా పాటించాను. ఫలితం రాస్తున్నాను, కూర్చుని చదవండి.

ఇటుకల బట్టీ మలుపు తిరగ్గానే మాప్పిళ్ళ తోక కనపడింది. మారి దాన్ని పగ్గం పట్టుకుని నడిపించుకుంటూ పోతున్నాడు. ఇంజను ఆపాను. దిగాను. నూట తొంభై కిలోల బండిని పిల్లిలా తోసుకుంటూ పోయాను. దగ్గలేదు, తుమ్మలేదు. నేను వస్తున్నట్టు మారికి కూడా తెలియలేదు. గుర్రానికి బారెడు దూరంలోకి వచ్చాను. అది ఒక్కసారి పక్కకు చూసింది, వెనక కాళ్ళు రెండూ ఎత్తింది. నా హెడ్‌లైటు పోయింది, ముందు మడ్‌గార్డు సొట్టపడింది. మారిని పగ్గంతో సహా కాలువలోకి లాక్కుపోయింది. మారికి దెబ్బలేమీ తగల్లేదు, తడిసిన చొక్కాతో నన్ను చూసిన చూపే నాకు తగిలింది.

హారన్ కొడితే లేచే గుర్రం, కొట్టకపోతే తన్నే గుర్రం. ఈ సంగతి తమరికి ముందే తెలిసి అలా రాశారా? నన్ను కూడా కంచెలో పడేస్తే సరికి సరి అవుతుందనుకున్నారా?

ఇట్లు,
లైటు లేని బండి సుమిత

గువ్వలపట్టి
13 మార్చి 2025

సుమితకు,

వెటకారంగా రాసిన దాన్ని వేదవాక్యంలా పాటించే తెలివి మన వంశంలో నీకే వచ్చింది. దొంగలా వెనక నుంచి చప్పుడు చేయకుండా రమ్మంటే వస్తావా? గుర్రాన్ని రేపి, మారి ఎముక కూడా విరగ్గొట్టించి, ఆ వంకన దాన్ని పంపించేయించి మామను మంచానికి కట్టెయ్యాలని వచ్చావేమోనని నాకూ అనుమానం ఉంది. రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను.

నువ్వు గెలిచావు. మారి తడి చొక్కాతో ఇంటికి వచ్చిన సాయంత్రమే మీ అత్త తీర్పు చెప్పేసింది. "నీ ఒంట్లో ఇంగా రెండొందల ఎముకలుండాయి. అన్నీ ఇరిగేదాకా నేను సూస్తా కూర్చోలేను. దాన్ని పంపించెయ్" అనింది. నెమిలి అనే ఊరి నుంచి పాల్‌రాజ్ అనే అతను ఏప్రిల్ 21న టెంపో తీసుకొస్తాడట. గుర్రాన్ని బీచికి తోలుకుపోయి, పిల్లలను ఎక్కించి ఇసుకలో తిప్పుతాడట. పంతొమ్మిదేళ్ళ జీవం, ఎండలో, ఉప్పునీళ్ళ పక్కన.

నా కుడి మోకాలు మడవదని నీకు తెలుసు. బండి నడపలేను, సైకిలు తొక్కలేను. తోపు రెండు మైళ్ళు. మాప్పిళ్ళ వచ్చాకే కదా నేను ఎవరినీ బతిమాలకుండా నా చెట్ల దగ్గరికి నేనే పోయి వస్తున్నాను. ఇంక మీదట ఎవరో ఒకరి బండి వెనక మూటలాగా కూర్చుని పోవాలి, వాళ్ళు రమ్మన్నప్పుడు రావాలి. ఇది వెటకారం కాదు. నాకు ఏడుపు వస్తోంది, రాస్తున్నాను.

వెంకటాద్రి

వేలూరు
6 ఏప్రిల్ 2025

మామా,

మూడు వారాలు జవాబు రాయలేదు. రాయడానికి ముందు ఒకటి తెలుసుకోవాలనిపించింది. నీకు మాప్పిళ్ళను ఇచ్చిన బ్యాండు బాలాజిని వెతుక్కుంటూ పోయాను. పాత బస్టాండు వెనక సందులో ఉన్నాడు. ఇప్పుడు ఊరేగింపులకు పూలు కట్టిన కారు తోలుతున్నాడు. ఇదీ ఇదీ జరిగిందని చెప్పాను. నవ్వాడు.

"మోతకు అది బెదరదమ్మా. ఊరేగింపులో దాని మొగానికి జరీ ముసుగు కడతాం కదా, ముందుండేది తప్ప పక్కలు, వెనక ఏమీ కనపడదు. అందుకని మావాడు ఒకడు పన్నెండేండ్లు దాని వెనకాలే నడిచినాడు, నోరు మూయకుండా. 'వస్తా ఉండా, మాప్పిళ్ళా, వస్తా ఉండా' అంటానే ఉంటాడు. టపాకాయ పేలనీ, లారీ రానీ, ఎనకాల మనిషి గొంతు వినపడతా ఉంటే అది కదలదు. గొంతు లేకుండా ఏదన్నా పక్కకొచ్చిందా, దానికి ప్రాణం పోతుంది" అన్నాడు.

ఆ మాట అతని చేత ఇంకోసారి చెప్పించుకున్నాను మామా.

ఆ దారిన పోయేవాళ్ళందరూ నిన్ను ఏదో ఒకటి పలకరించుకుంటూనే దాటుతారు. ఏడాదిగా నేను ఆ మలుపు దగ్గర ఏం చేసేదాన్నో నీకు గుర్తుందా? బట్టీ దగ్గరి నుంచే "మామా, వస్తా ఉండా" అని కేక వేసేదాన్ని. నువ్వు చెయ్యి ఎత్తేవాడివి, గుర్రం పక్కకు జరిగేది, నేను పోయేదాన్ని. అదే మన రోడ్డు చట్టం. దాన్ని ఎవరమూ రాసిపెట్టలేదు, అందుకే అది ఉందని కూడా తెలియలేదు.

ఆ ఆదివారం నేను కేక వేయలేదు. నిన్ను చూసే వేయలేదు. పెళ్ళి పంతిలో రెండు వందల మంది ముందు "దీనికి మొగుడెందుకప్పా, బుల్లెట్టు ఉండాది కదా" అన్నావు. అందరూ నవ్వారు. పాయసం వడ్డించేవాడు కూడా గరిటె ఆపి నవ్వాడు. మా అమ్మ ఒక్కతే ఆకు మీదికి తల వంచుకుంది. మూడు వారాలైనా అది నాలో మండుతూనే ఉంది. నీ వీపు కనపడగానే నోరు బిగించుకున్నాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళకు కొట్టినట్టు హారన్ కొట్టాను. ఆ నిమిషంలో నువ్వు నాకు ఎవరూ కాకూడదనుకున్నాను. నీకు ఎముక విరగాలని అనుకోలేదు. కానీ విరిగింది నా మౌనం వల్లే. తప్పు నాది.

ఈ ఉత్తరం అత్తకు చదివి వినిపించు. ఉన్నది ఉన్నట్టు. గుర్రాన్ని పంపవద్దని చెప్పు. కోపం నా మీద పడనీ.

సుమిత

గువ్వలపట్టి
9 ఏప్రిల్ 2025

అమ్మా సుమితా,

నీ ఉత్తరం మీ అత్తకు చదివాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. తరువాత, "ఇంత పొడుగు జాబులో ఈ పిల్ల ఏడ్చింది యాడా కనపళ్ళేదే. ముందువి కూడా తే, సదువు" అనింది. నేను రాసినవాటికి కూడా కార్బను కాగితం పెట్టి నకలు దాచుకునే నా పాత అలవాటు ఆమెకు తెలుసు. తప్పలేదు. హంతకురాలి దగ్గర గొంతు సర్దుకున్నాను, సూపు దగ్గరికి వచ్చేసరికి గొంతే పోయింది. "ఆడ ఏముండాది, సదువు" అనింది. చదివాను. రెండు రోజులుగా సూపు లేదు. ఆ విధంగా నీ నిజాయితీ వల్ల నాకు కొంత మేలే జరిగింది.

నువ్వు ఒకటి ఒప్పుకున్నావు కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకోవాలి. ఇది ఆమెకు నోటితో చెప్పాను, నీకు రాస్తున్నాను. నీ బండి చప్పుడు నాకు మలుపుకు ముందే తెలుసు. ఆ ఆదివారం కూడా తెలిసింది. కేక కోసం చూశాను. రాలేదు. పందిట్లో అన్న మాటకు నీకు కోపమని మీ అమ్మ నాకు అప్పటికే చెప్పి ఉంది. 'మామా అని పిలిస్తే గానీ జరగను, చూద్దాం' అనుకుని, పక్కకు పోతున్న గుర్రాన్ని కళ్ళెం లాగి మళ్ళీ రోడ్డు నడిమధ్యకు తెచ్చాను. అరవై రెండేళ్ళ మనిషి చేసే పనేనా ఇది? ముందు ఒక మొండి, వెనక ఒక మొండి, మధ్యలో నోరులేని జీవానికి పిచ్చెత్తింది.

మీ అత్త ఇలా తేల్చింది. 19వ తేదీ శనివారం పొద్దున, అదే మలుపు, అదే బండి. గుర్రం మీద నేను, వెనక నువ్వు. నువ్వు కేక వేసుకుంటూ దాటాలి. గుర్రం కాలు ఎత్తకపోతే పాల్‌రాజ్‌ను రావద్దంటుంది. ఎత్తితే సోమవారం టెంపో ఎక్కుతుంది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. కేక వెయ్యాలంటే మాట్లాడాలి, మాట్లాడితే ఒట్టు. తీసెయ్యమని మీ అవ్వను బతిమాలాను. "పెట్టిన ఒట్టు పెట్టినట్టే. నా తల ఏమన్నా గుడియాత్తం బస్టాండా, వచ్చేవాళ్ళు పొయ్యేవాళ్ళు చెయ్యి పెట్టి తీసేదానికి" అనింది. "మరి గుర్రంతో మాట్లాడితే?" అన్నాను. ఆకూ వక్కా నోట్లో వేసుకుంది. "గుర్రం మీద నేను ఒట్టు పెట్టలేదే" అనింది.

మామ

వేలూరు
12 ఏప్రిల్ 2025

మామా,

వస్తాను. హెడ్‌లైటు కొత్తది వేయించాను. గుర్రం నడకలోనే ఉండాలి, పరుగు వద్దు. కళ్ళెం కుడి చేత్తో పట్టుకో. భుజం లాగినట్టుంటే వెంటనే దిగిపో. హెల్మెట్ అద్దం పైకెత్తి, గొంతు వినపడేటట్టు వస్తాను. చెల్లమ్మను ఆ ఒక్క గంట రోడ్డు మీద ఏమీ ఆరబోయవద్దని చెప్పు.

నాకు భయంగా ఉంది.

సుమిత

గువ్వలపట్టి
20 ఏప్రిల్ 2025

చిట్టితల్లి సుమితకు,

నిన్న నువ్వు వెనక నుంచి చూశావు. గుర్రం మీద నుంచి ఎలా కనపడిందో నేను రాస్తాను.

చెల్లమ్మ మాట వినలేదు. రోడ్డు మీద చింతపండు ఆరబోసి, చూడడానికి తనూ వచ్చి నిలబడింది. ఆమె పక్కన మీ అత్త. నీ బండి చప్పుడు మలుపు దగ్గర వినపడగానే మాప్పిళ్ళ ఒళ్ళు నా కాళ్ళ కింద బిగుసుకుంది. మెడ ఎత్తింది. ఇంక లేస్తుందనుకుని కళ్ళు మూసుకున్నాను. అప్పుడు నీ కేక వచ్చింది. "మాప్పిళ్ళా, వస్తా ఉండా" అని. చెవులు రెండూ వెనక్కి తిరిగాయి. "మాప్పిళ్ళా, పిల్ల వస్తా ఉండాది, మనం పక్కకు పోదాం" అన్నాను నేను. అది ఒళ్ళు వదులు చేసి ఎడమకు జరిగింది, చింతపండు తొక్కకుండా. నువ్వు "పోతా ఉండా, మాప్పిళ్ళా, పోతా ఉండా" అంటూ మెల్లగా దాటావు. కాలు ఎత్తలేదు. తోక కూడా ఆడించలేదు. మీ అత్త అక్కడే నిలబడి పాల్‌రాజ్‌కు ఫోను చేసి రావద్దని చెప్పేసింది.

నువ్వు బండి ఆపి దిగి, "భుజం ఎట్లుండాదో అడుగు మాప్పిళ్ళా" అన్నావు. "లెగస్తా ఉండాదని చెప్పు మాప్పిళ్ళా" అన్నాను. అలా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. మారి మనల్ని చూసి, "ఇద్దురికీ పైత్యం, గుర్రం ఒక్కటే తేటగా ఉండాది" అన్నాడట చెల్లమ్మతో. చివర్లో నువ్వు దాని మెడ నిమురుతూ, "ఆ పొద్దు నోరు మూసుకొని వచ్చినందుకు..." అని ఆగిపోయావు. నేను గుర్రాన్ని తిప్పుకుని వచ్చేశాను. అది కోపం కాదు.

చెప్పాల్సింది ఇంటికి వచ్చాక కొట్టంలో దానికి చెప్పాను. పంతిలో అన్న మాట తప్పని, నా మేనకోడలు ఎవరి తోడూ లేకుండా తన బండి మీద తను పోతుంటే, నా గుర్రం మీద నేను పోయినట్టే కదా అని, అది నాకే తెలియకపోతే ఎవరికి తెలుస్తుందని. ముందు నేనే చెప్పాల్సిన మాటను నీ చేత చెప్పించుకున్నాను. అది మేత మేస్తూ విన్నది.

కానీ అన్నది రెండు వందల మంది ముందు, దిద్దుకున్నది కొట్టంలో. ఇది న్యాయం కాదని మీ అవ్వ అనింది. అందుకని వచ్చే నెల మన చుట్టాలందరూ చేరే జ్యోతిక పెళ్ళికి మాప్పిళ్ళను తీసుకొస్తున్నాను. ఎందుకని పెళ్ళివాళ్ళు అడిగితే ఊరేగింపుకని చెప్పాను, పాపం సంతోషపడ్డారు. ఊరేగింపు అయ్యాక దాన్ని నేరుగా భోజనాల పందిట్లోకి తోలుకొస్తాను. ఒట్టు ఉంది కాబట్టి నీతో మాట్లాడను. దానితోనే చెబుతాను, పంతి అంతా వినపడేటట్టు. నువ్వు మీ అమ్మ పక్కన కూర్చో. పాయసం వడ్డించేవాడిని కూడా అక్కడే ఉండమను.

ఇట్లు,
మామ